గోడ ముక్క పక్కన ఏమి వ్రాయాలి?

(చెన్నైలో జరిగిన తెలుగు క్రైస్తవ యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నే మిమ్మల్ని రాయపురం దాకా తీసుకువెళ్ళి ఎండలో నిలబెట్టామని మీలో కొందరికి మా మీద కోపంగా ఉండవచ్చు. టిఫిన్ కూడా ఆలస్యమైంది. క్షమించండి. అయినా ఆ చోటు కంటితో చూడకుండా ఈ మాటలు వింటే గాలిలో మాటలే అవుతాయని అనుకున్నాం.

అక్కడ ఒక చెల్లి అడిగిన ప్రశ్న మీలో చాలామంది విన్నారు. మాడి పూంగాలో మెట్లెక్కి పైకి వెళ్ళాం. చెట్లున్నాయి, నడవడానికి బాట ఉంది, బెంచీల మీద పెద్దవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆ చెల్లి చుట్టూ చూసి, "గోడ చూపిస్తామన్నారు కదా అయ్యగారూ, ఎక్కడుంది?" అంది. అప్పుడు మనమందరం ఆ గోడ మీదే నిలబడి ఉన్నాం.

అందరం నవ్వాం. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ మాటే మా మనసులో తిరిగింది. పాత గోడ ముక్కను పదిమంది తిరిగే చోట ఉంచటం ఒక పని. అది గోడ అని, ఎవరికీ ఎవరికీ మధ్య నిలిచిన గోడ అని చూసేవారికి తెలిసేలా ఉంచటం వేరే పని. ఈ పూట ఆ రెండో పని గురించి మాట్లాడుకుందాం.

ముందు ఆ గోడ సంగతి చెప్పుకోవాలి. ఇది మన తెలుగువాళ్ళకు దూరపు కథ కాదు. 1639లో ఈ సముద్రపు ఒడ్డున కంపెనీ వాళ్ళకు స్థలం ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం వచ్చింది. కోట కట్టుకున్నారు. కోటలో తెల్లవాళ్ళు ఉండే చోటు వైట్ టౌన్. కోటకు ఉత్తరాన మనవాళ్ళు, అంటే నేతగాళ్ళు, అద్దకం పనివాళ్ళు, వ్యాపారులు, దుబాసీలు, కూలీలు ఉండే చోటు బ్లాక్ టౌన్. అందులో తెలుగు బాగా వినిపించేది. ఊరి కావలి చూసిన పెద్దనాయకుని పేరు మీద పెద్దనాయకన్‌పేట ఇప్పటికీ ఉంది.

ఆ మొదటి బ్లాక్ టౌన్ ఇప్పుడు లేదు. హైకోర్టు ఉన్న ఆ పెద్ద ఆవరణ వైపు ఉండేది. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసు పట్టుకున్నారు. మూడేళ్ళకు మళ్ళీ ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. అప్పుడు వాళ్ళకు తోచిందేమిటంటే, కోట గోడల దాకా ఇళ్ళుంటే శత్రువు ఆ ఇళ్ళ చాటున దాక్కుని వస్తాడు, కోట మీది ఫిరంగులకు ఎదురుగా ఖాళీ నేల ఉండాలి. అందుకోసం ఆ పాత ఊరిని కొంత ఫ్రెంచివాళ్ళు, మిగిలింది ఇంగ్లీషువాళ్ళు నేలమట్టం చేశారు. అందులోని పెద్ద గుడిని కూడా 1757లో తీసేశారు. గుడికి వేరే చోట స్థలం ఇచ్చారు. జనం ఉత్తరానికి జరిగి మళ్ళీ ఇళ్ళు కట్టుకున్నారు. ఇక్కడ దాటి ముందుకు కట్టకూడదని హద్దు రాళ్ళు పాతారు. ఆరు స్తంభాలు, 1773 జనవరి 1వ తేదీ వేసి. అందులో ఒకటే మిగిలింది. పారిస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర ఉంది. మీలో రోజూ అక్కడ బస్సు దిగేవాళ్ళున్నారు. ఎంతమంది చూశారు? చేతులెత్తండి. సరే, ముగ్గురు.

కొత్త బ్లాక్ టౌన్‌కు మొదట సరైన గోడ లేదు. 1758 చివర్లో ఫ్రెంచి సేనాని లాలీ వచ్చినప్పుడు కోటలోవాళ్ళు కోటలో ఉన్నారు, బయటి ఊరు దోపిడీ పాలైంది. 1767లో మైసూరు గుర్రపు దండు ఊరి చుట్టుపక్కల మీద పడింది. 1769లో హైదర్ అలీ మద్రాసు గుమ్మం దాకా వచ్చి తన షరతుల మీద సంధి చేయించుకుని వెళ్ళాడు. అప్పటికి గాని కంపెనీకి భయం పట్టలేదు. ఊరికి తూర్పున సముద్రం, దక్షిణాన కోట. ఇక ఉత్తరాన, పడమట గోడ కట్టాలని తీర్మానించారు. కాంట్రాక్టు పాల్ బెన్‌ఫీల్డ్‌కు దక్కింది.

ఈ బెన్‌ఫీల్డ్ దగ్గర కొంచెం ఆగాలి. ఆయన కంపెనీ ఉద్యోగి, కాంట్రాక్టరూ ఆయనే. తరువాతి రోజుల్లో ఆర్కాటు నవాబుకు ఎక్కువ వడ్డీకి అప్పులిచ్చి కోటికి పడగెత్తాడు. ఆ అప్పులు తీర్చడానికి నవాబు రైతుల మీద పడేవాడు. 1785లో ఎడ్మండ్ బర్క్ అనే నాయకుడు లండన్ పార్లమెంటులో లేచి నవాబు అప్పుల బాగోతం మీద సుదీర్ఘంగా మాట్లాడి, ఈ బెన్‌ఫీల్డ్‌ను పేరు పెట్టి దుయ్యబట్టాడు. పొద్దున మనం ఎక్కిన గోడను కట్టించిన మనిషి ఆయన. టెండర్లు, కాంట్రాక్టులు, కమిషన్లు ఈ కాలపు జబ్బులని మీరు అనుకుంటూ ఉంటే కాదని చెప్పడానికే ఈ మాట.

మరి ఖర్చు ఎవరిది? గోడ లోపల ఇళ్ళున్నవాళ్ళే పన్ను కట్టాలని కంపెనీ ఆలోచన. జనం ఒప్పుకోలేదు. ఆ పన్ను వసూలు కాలేదనే చరిత్రకారులు అంటారు. పన్ను రాలేదుగాని పేరు నిలిచిపోయింది. సెంట్రల్ స్టేషన్ పక్కనుంచి వెళ్ళే వాల్ టాక్స్ రోడ్డు అదే. ఆ రోడ్డు మీద లారీ ఆఫీసుల్లో మూటలు మోసే తెలుగువాళ్ళు మనకు తెలుసు.

బైబిలులో గోడ కట్టిన కథ అంటే మనకు నెహెమ్యా గుర్తుకొస్తాడు. సండేస్కూలు నుంచి విన్నాం. ఒక చేత్తో పని, ఒక చేత్తో ఆయుధం. కట్టడం నిధుల కోసం చాలా సంఘాల్లో ఆ అధ్యాయాలే చదువుతారు. మేమూ చదివాం, చందాలు కూడా పోగుచేశాం. కానీ నాలుగో అధ్యాయం నుంచి ఆరో అధ్యాయానికి దూకేస్తాం. మధ్యలో ఐదోది ఉంది. గోడ పని సాగుతుండగానే జనం, వారి భార్యలు మొర పెట్టారు. పొలాలు, ఇళ్ళు కుదువపెట్టామన్నారు. రాజుకు పన్ను కట్టడానికి అప్పు తెచ్చామన్నారు. కొడుకులను, కూతుళ్ళను దాస్యానికి అప్పగిస్తున్నామన్నారు. అప్పిచ్చినవాళ్ళు పరాయివాళ్ళు కారు, సొంత సహోదరులే. నెహెమ్యాకు బహుగా కోపం వచ్చింది. ప్రధానులను, అధికారులను నిలదీశాడు. గోడ పని నడుస్తుండగానే సభ పెట్టించి, పొలాలు తిరిగి ఇప్పిస్తానని వాళ్ళ చేత ఒప్పించాడు. చెన్నపట్నం గోడకు నెహెమ్యా దొరకలేదు. బెన్‌ఫీల్డ్ దొరికాడు.

ఇంతా చేసి కట్టిన గోడ మీద చెప్పుకోదగ్గ యుద్ధం ఏదీ జరగలేదు. మైసూరు భయం పోయాక గోడ అవసరమూ పోయింది. ఊరు పెరిగింది, గోడను కొంచెం కొంచెంగా తీసేశారు. 1911లో బ్లాక్ టౌన్ పేరు కూడా తీసేసి జార్జి రాజు పేరు మీద జార్జి టౌన్ అన్నారు. ఓల్డ్ జైల్ రోడ్డులో ఈ ముక్క మిగిలింది. పాత పట్నపు గోడ అని కేంద్ర పురావస్తు శాఖ జాబితాలో దీనికి చోటుంది. దాని నెత్తిన పార్కు ఉంది. మాడి అంటే తమిళంలో మేడ, మిద్దె. మిద్దె మీది తోట. పేరు బాగుంది. కానీ ఆ పేరులో గోడ లేదు.

గోడకు ద్వారాలుండేవి. ఎలిఫెంట్ గేట్ పేరు మీకు తెలుసు. పాత రికార్డుల్లో ఇంకొక ద్వారం పేరు కనిపిస్తుంది, చక్లర్స్ గేట్. చక్లర్ అంటే చక్కిలియర్, తోలు పని చేసే కులం. ఇప్పుడు అరుంధతియర్ అంటున్నారు. తమిళనాడులో తరతరాలుగా ఉంటున్నా ఆ ప్రజల్లో చాలామంది ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. అంటే ఈ గోడలో ఒక ద్వారానికి మన భాష మాట్లాడే, అంటరానివారని పక్కన పెట్టబడిన మనుషుల పేరుంది. ఏనుగు పేరు ఊరికి నిలిచింది. వీళ్ళ పేరు నిలవలేదు.

ఈ పట్నాన్ని ఊడ్చేవాళ్ళలో ఇప్పటికీ తెలుగు వినబడుతుంది. 2025 ఆగస్టులో రిప్పన్ బిల్డింగ్ ముందు పదమూడు రోజులు కూర్చున్న పారిశుద్ధ్య కార్మికులను మీరు చూశారు. మీలో కొందరు అన్నం పొట్లాలు కూడా తీసుకువెళ్ళారు. రాయపురం, తిరు వి.క. నగర్ మండలాల్లో చెత్త పని ప్రైవేటు కంపెనీకి ఇవ్వవద్దని, తమ పని తమకే ఉంచమని అడిగారు. ఎక్కువమంది స్త్రీలు. 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు వాళ్ళను అక్కడినుంచి ఎత్తి తీసుకుపోయారు. ఆ రాయపురం మండలంలోనే మనం పొద్దున చూసిన గోడ ముక్క ఉంది. దాని చుట్టూ రోజూ చీపురు పట్టేవాళ్ళకు, ఆ గోడ ద్వారానికి ఒకప్పుడు తమ పేరుండేదని చెప్పే పలక ఒకటి ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. నగరపాలక సంస్థకు ఒక వినతిపత్రం వ్రాద్దామని మా ఆలోచన. పలక మీద బెన్‌ఫీల్డ్ పేరూ ఉండాలి, పన్ను సంగతీ ఉండాలి, ఆ ద్వారం పేరూ ఉండాలి. తమిళంలో, తెలుగులో, ఇంగ్లీషులో. ముసాయిదా వ్రాసే పని మీలో లా చదువుతున్న ఇద్దరికి అప్పగిస్తున్నాం. తప్పించుకోవద్దు.

లోకంలో గోడ ముక్కలకు ఎక్కువ ప్రచారం వచ్చింది బెర్లిన్‌తోనే. 1961 ఆగస్టులో కట్టారు, 1989 నవంబర్ 9న అది తెరుచుకుంది. దాని ముక్కలు దేశదేశాలకు పోయాయి. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి తోటలో ఒకటి ఉంది. అమెరికాలో లాస్ వేగాస్ అనే జూదాల ఊళ్ళో ఒక ముక్కను మగవాళ్ళ మూత్రశాలలో బిగించారు. నవ్వకండి, నిజమే. ఆ గోడ దాటబోయి మనుషులు చనిపోయారు. ఆ ముక్క దగ్గర నిలబడేవాడికి ఆ సంగతి గుర్తుంటుందా?

అదే బెర్లిన్‌లో ఇంకొక పని జరిగింది. బెర్నవర్ వీధిలో ఒక చర్చి ఉండేది. పేరు సమాధాన మందిరం అనుకోండి. విడిపోయినవాళ్ళు మళ్ళీ కలుసుకోవడం అని ఆ మాటకు అర్థం. గోడ కట్టినప్పుడు ఆ చర్చి సరిహద్దు మధ్యలో చిక్కుకుంది. విశ్వాసుల్లో ఎక్కువమంది పడమటి వైపు ఉండిపోయారు, గుడి తలుపు మూతపడింది. 1985లో తూర్పు జర్మనీ ప్రభుత్వం దాన్ని మందుపెట్టి పేల్చేసింది. గోడ పోయాక ఆ సంఘం అదే చోట చిన్న ప్రార్థనా మందిరం కట్టుకుంది. 2000లో ప్రతిష్ఠించారు. మట్టి గోడలు. మన ఊళ్ళల్లో మట్టి మెత్తి, కుదించి కట్టినట్టు కట్టారు. ఆ మట్టిలో పేల్చేసిన చర్చి తాలూకు రాళ్ళు, పెంకులు పొడిచేసి కలిపారు. పక్కనే గోడ కొంత అలాగే ఉంచారు, చనిపోయినవాళ్ళ పేర్లు, ముఖాలు పెట్టారు. రాయి రెండు చోట్లా ఒకటే. ఒకచోట మూత్రశాలకు అలంకారమైంది, ఇంకొకచోట ఆరాధనలో భాగమైంది.

ఇప్పుడు వాక్యంలోకి వద్దాం. మేము సెమినరీలో ఉండగా ఒక ఫొటో చూశాం. అసలు రాయి ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియంలో ఉంది. 1871లో క్లేర్మాన్ గానో అనే ఫ్రెంచి పండితునికి యెరూషలేములో దొరికింది. హేరోదు కట్టించిన దేవాలయంలో బయటి ఆవరణకూ లోపలి ఆవరణకూ మధ్య తక్కువ ఎత్తు రాతి అడ్డగోడ ఉండేది. దాని మీద హెచ్చరిక పలకలు. గ్రీకులో ఏడు పంక్తులు. పరజాతివాడు ఈ అడ్డు దాటి లోపలికి రాకూడదు, దొరికితే తన చావుకు తానే బాధ్యుడు అని దాని భావం. అలాంటి పలక తాలూకు ఇంకొక ముక్క తరువాత యెరూషలేములో బయటపడింది.

అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం తెరిచి చూడండి. పౌలును దేవాలయంలో ఎందుకు పట్టుకున్నారు? ఎఫెసువాడైన త్రోఫిమును ఈ అడ్డు దాటించి లోపలికి తెచ్చాడని అనుమానించారు. పట్టణమంతా కలవరపడింది, ఆయనను బయటికి ఈడ్చారు, వెంటనే తలుపులు మూశారు. అక్కడినుంచి పౌలు సంకెళ్ళు రోమా దాకా వెళ్ళాయి. ఇప్పుడు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక రెండో అధ్యాయం చూడండి. ఇద్దరిని ఏకము చేసి, మధ్య గోడను క్రీస్తు పడగొట్టాడని అక్కడ ఉంది. త్రోఫిము ఊరివాళ్ళకే ఆ మాట. మనం ఆ వాక్యాన్ని ఉపమానంగా చదువుతాం, పెళ్ళిళ్ళలో కూడా చదువుతాం. పౌలుకు అది ఉపమానం కాదు. ఆ గోడ వలన ఆయన దెబ్బలు తిన్నాడు. ఆ మాట వినేనాటికి ఆ రాతిగోడ యెరూషలేములో అలాగే నిలబడి ఉన్నా, క్రీస్తు దాన్ని పడగొట్టాడనే ఆయన విశ్వాసం. క్రీస్తు శకం 70లో దేవాలయంతో పాటు ఆ రాయీ కూలింది. మట్టిలో పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ళు ఉండి బయటికొచ్చింది. ఆ పలక మ్యూజియంలో ఉండబట్టి పౌలు మాట వెనుక ఎంత బరువుందో మనకు తెలిసింది. గోడ ముక్కను దాచి ఉంచాలి అనేవాళ్ళకు మేము ఇచ్చే మొదటి జవాబు ఇస్తాంబుల్‌లో ఉన్న ఆ రాయే.

మన దేశంలో గోడలకు కొదవ లేదు. మదురై జిల్లా ఉత్తపురంలో దళితులకు అడ్డంగా 1989లో గోడ లేచింది. అక్కడ బెర్లిన్ గోడ తెరుచుకున్న ఏడే. 2008 మే 6న దానిలో కొంత భాగం పడగొట్టి దారి తీశారు. ఇది సంఘం బయటి సంగతి అని ఊపిరి పీల్చుకోకండి. తిరునెల్వేలి వైపు వడక్కన్‌కుళంలో 19వ శతాబ్దంలో కట్టిన కథోలిక చర్చికి రెండు కాళ్ళ లాగా రెండు సావడులు, ముందు ఒకటే బలిపీఠం. ఒక సావడిలో ఒక కులం, ఇంకొక దానిలో ఇంకొకరు. మధ్యలో గోడ. 1910లో ఆ గోడ తీసేశారు, గొడవలయ్యాయి. బలిపీఠం ఒక్కటే, ప్రభువు ఒక్కడే, రొట్టె ఒక్కటే, మధ్యలో గోడ. కథోలికుల మాట చెప్పి మనం ప్రొటెస్టెంట్లం తప్పించుకోలేం. మన గోడలకు ఇటుకలు లేకపోవచ్చు. చాలా ఊళ్ళలో ఒకే మిషను వాళ్ళు పెట్టిన సంఘమే మాల సంఘం, మాదిగ సంఘం అని రెండు గుళ్ళుగా ఉంది. పెళ్ళి సంబంధాల దగ్గర గోడ ఎంత ఎత్తుందో మీకు మేము చెప్పాలా?

కొన్నిచోట్ల ఇటుకల గోడలూ ఉన్నాయి. ఈ బల్ల మీద గోనెసంచిలో ఉన్నదేమిటని ఇందాకటి నుంచి చూస్తున్నారు కదా. విప్పుతాం.

రెండు ఇటుకలు, మధ్యలో సున్నం. ఇంతే.

ఇది నెల్లూరు జిల్లా వైపు ఒక ఊరిది. పేరు చెప్పం. అక్కడివాళ్ళు మీలో ఉన్నారు, వాళ్ళకు తెలుసు. ఊరి బయట రెండు వాడలు. ఊరికి రెండూ అంటరానివే. హోటల్లో రెండు వాడలకూ ఒకప్పుడు అదే వేరే గ్లాసు. రెండు వాడలవాళ్ళూ క్రైస్తవులే. చనిపోయాక పాతిపెట్టడానికి ఒక తోట ఉండేది. దాని మధ్యలో నడుమెత్తు గోడ. రోడ్డు వైపు మాలల సమాధులు, గోడకు అవతల మాదిగల సమాధులు. గేటు రోడ్డు వైపే. గోడ కట్టింది మాలలు. మేమూ మాల వాడ నుంచి వచ్చినవాళ్ళమే. ఈ మాట దాచి మిగిలింది చెప్పడం కుదరదు.

పదిహేనేళ్ళ క్రితం మేము అక్కడ కొత్తగా పరిచర్యలో ఉన్నాం. మాదిగ వాడలో ఒక పెద్దాయన చనిపోయాడు. వానకాలం. శవపేటిక మోసుకుని రోడ్డు మీదినుంచి గేటు దాకా వచ్చాం. గేటుకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలుసు, అడిగితే ఇంట్లో లేరని చెప్పారు. అప్పుడు పొలాల గట్ల మీదుగా, మోకాలి లోతు బురదలో, చుట్టు తిరిగి వెనుకనుంచి తోటలోకి వెళ్ళాం. పేటిక రెండుసార్లు జారబోయింది. ఆయన భార్య వెనుక నడిచింది. మేము సమాధి దగ్గర నిలబడి పునరుత్థానం గురించి చాలా చక్కగా ప్రసంగించాం. గేటు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటి ఆదివారం కూడా మాట్లాడలేదు. సంఘం చీలుతుందని భయం. జీతం ఇచ్చే పెద్దలు ఎటు వైపో కూడా తెలుసు కదా.

ఆ గోడను పడగొట్టింది మారుమనస్సు కాదు, జేసీబీ. రెండేళ్ళ క్రితం రోడ్డు వెడల్పు చేసినప్పుడు తోటలో కొంత పోయింది, గోడ కూడా పోయింది. ఇటుకలు రోడ్డు కింద పడ్డాయి. ఆ రోజు ఊరికి వెళ్ళి ఉన్న ఒక తమ్ముడు, అంబత్తూరులో పని చేస్తాడు, ఈ ముక్క తీసి సంచిలో వేసుకున్నాడు. మాల వాడ అబ్బాయే. ఎందుకు తీశావురా అంటే, "తాత కట్టింది అయ్యగారూ, పారేయబుద్ధి కాలేదు, ఇంట్లో పెట్టుకోబుద్ధీ కాలేదు" అన్నాడు.

దీన్ని చర్చి ఆవరణలో అందరూ చూసేచోట పెట్టి, పక్కన ఒక పలక వ్రాయిద్దామని ఆ ఊరి యౌవనస్థులు, రెండు వాడలవాళ్ళూ, ఒక ప్రతిపాదన చేశారు. పెద్దల కమిటీలో పెద్ద రభస అయింది. మూసిన పుండును గెలకడం ఎందుకన్నారు. బయటివాళ్ళు చూసి క్రైస్తవుల్లో కూడా ఇదేనా అని నవ్వుతారన్నారు. మేము వాళ్ళతో ఒకటే అన్నాం: బయటివాళ్ళకు ఎప్పుడో తెలుసు, గేటు రోడ్డు వైపే ఉంది కదా. పుండు మూసిందో లేదో చెప్పాల్సింది దెబ్బ తిన్నవాళ్ళు.

అందుకని ఆ అవతలి వాడకు వెళ్ళాం. ఆ రోజు బురదలో నడిచిన అమ్మ ఇంకా ఉంది. చూపు తగ్గింది. ముందు, ఇన్నేళ్ళ తరువాత, క్షమించమని అడిగాం. ఆమె వెంటనే ఏమీ అనలేదు, కాఫీ పెట్టించింది. తరువాత పలక సంగతి చెప్పాం. ఆమె ఒప్పుకోలేదు. "ఆదివారం ఆదివారం నా మనవరాళ్ళు గుడికి పోతా ఆ ఇటికెలు చూసి, మమ్మల్నే కదా అవతల పెట్టింది అనుకోవాలా? మీరు కడిగేసుకోడానికి మా పిల్లలు తలవంచుకోవాలా అయ్యా?" అంది.

దీనికి మా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ పూర్తిగా లేదు. యెహోషువ యొర్దాను నుంచి పన్నెండు రాళ్ళు తీయించి నిలబెట్టినప్పుడు, రేపు మీ పిల్లలు ఈ రాళ్ళేమిటని అడుగుతారు, అప్పుడు చెప్పండి అన్నాడు. అది విడుదల కథ, చెప్పుకోవడానికి గర్వంగా ఉంటుంది. ఇది అలాంటి రాయి కాదు. కట్టినవాళ్ళ పిల్లలు అడిగితే చెప్పే జవాబు వేరు, అవతల ఉన్నవాళ్ళ పిల్లలు అడిగితే చెప్పే జవాబు వేరు. అందువల్ల ఈ ముక్క ఎక్కడ ఉండాలో, అసలు ఉండాలో వద్దో తేల్చే మాట ఆ అమ్మదీ, ఆ వాడదీ. పలక మీద ఏమి వ్రాయాలో కూడా ముందు వాళ్ళే చెప్పాలి. మేము ముసాయిదా వ్రాసి సంతకం పెట్టమని వెళ్ళడం కుదరదు. మొదట మేము చేసిన పొరపాటు అదే.

నెల తరువాత ఆమె కబురు పెట్టింది. పెట్టుకోండి, కానీ కళ్ళ ముందు కాదు, గుడి మెట్టు కింద పూడ్చి పెట్టండి, రెండు వాడలవాళ్ళూ దాన్ని తొక్కి లోపలికి పోతారు, అంది. మాకు ఆ మాట చాలా నచ్చింది. కానీ ఆమె మనవరాలు, నర్సింగు చదువుతోంది, ఈ వెనుక వరుసలోనే కూర్చుంది, ఆ అమ్మాయికి నచ్చలేదు. పొద్దున రాయపురంలో మెట్లు దిగుతూ మాతో అంది: "మెట్టు కింద పెడితే ఇది కూడా ఈ పార్కులాగే అయిపోద్ది అయ్యగారూ. అందరం పైన నిలబడి గోడ ఎక్కడుందని అడుగుతాం." మెట్టుకు ముందు వైపు, అడుగు పెట్టేవాడి కంటికి కనబడేలా ఇటుకలు పొదిగి, పక్కన పలక పెట్టాలని ఆ అమ్మాయి పట్టు. పలకలో రెండు కులాల పేర్లూ వ్రాయాలంటోంది. కొంతమంది సహోదరులని వ్రాస్తే చాలు అంటున్నారు మా వాడ పెద్దలు. మేము పేర్లు వ్రాయాలన్న వైపే ఉన్నాం. మా పేరు కూడా వ్రాయమన్నాం, ఆ రోజు మాట్లాడని పాస్టరని. అది అవసరం లేదని ఆ అమ్మాయే అంది, పలకలో చోటు చాలదట.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఆ ఊళ్ళో రెండు వాడలవాళ్ళూ కూర్చుంటారు. నాయనమ్మా, మనవరాలూ ముందు మాట్లాడతారు, కమిటీ తరువాత. చెన్నై నుంచి రాదలచినవాళ్ళు శనివారం రాత్రి మాధవరం బస్టాండుకు రండి. ఈ సంచి అంబత్తూరు తమ్ముడే మోసుకొస్తాడు. బరువుగా ఉంది, దారిలో కాసేపు ఎవరైనా అందుకోండి.